తక్కువ ఆక్సిజన్ ఉన్నవాడి లెక్క

గోదావరిఖని పక్కనే యైటింక్లయిన్ కాలనీలో సింగరేణి బొగ్గు గనుల కంపెనీ రెస్క్యూ స్టేషన్ ఉంది. గని ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్లను బయటికి తెచ్చే జట్లకు అక్కడ శిక్షణ ఇస్తారు. జాతీయ స్థాయి రెస్క్యూ పోటీలకు జట్టు తయారయ్యే రోజుల్లో ఆ సాధన చూసేవాళ్లకు ఒక సంగతి వింతగా తోస్తుంది. గడియారం నడుస్తుంటుంది, మార్కులు వేసేవాళ్లు పక్కనే ఉంటారు, ఓడించాల్సిన జట్లు దేశమంతటా ఉన్నాయి. అయినా ఎవ్వరూ ఉరకరు. పొగ నింపిన గ్యాలరీలోకి ఐదారుగురు ఒకరి వెనక ఒకరు నడిచి పోతారు. కొంత దూరం పోయాక కెప్టెన్ చెయ్యెత్తి ఆపుతాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మాస్కు సరిగ్గా కూర్చుందా, సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుంది, మనిషి తెలివిలోనే ఉన్నాడా అని చూస్తాడు. ఆ అంకెలన్నీ చూసుకున్నాక, అందరిలో ఎవరి సిలిండర్‌లో ఆక్సిజన్ తక్కువగా ఉందో అతని అంకెను పట్టుకుని వెనక్కి ఎప్పుడు మళ్లాలో లెక్క కడతాడు.

వీపున మోసే ఆ పరికరం బరువు పదిహేను కిలోల దాకా ఉంటుంది. మనిషి వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును ఒక రసాయనం పట్టేసుకుంటుంది. మిగిలిన గాలికి ఆక్సిజన్ కలిసి మళ్లీ అతని ముక్కుకే చేరుతుంది. నాలుగు గంటలు అలా గడపవచ్చు. కానీ దేహం కష్టపడే కొద్దీ ఆక్సిజన్ ఎక్కువ ఖర్చవుతుంది. బలవంతుడు ముందు ఉరికితే వెనకవాడూ ఉరకాలి. అప్పుడు వెనకవాడి సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది, దాంతో జట్టు మొత్తానికీ సమయం తగ్గిపోతుంది. ఒకరి పరికరం పాడైనా, ఒకరికి తల తిరిగినా జట్టంతా వెనక్కి రావాల్సిందే. అతన్ని ఒంటరిగా పంపేసి మిగతావాళ్లు ముందుకు సాగడం ఉండదు.

ఆటల్లో దయ గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ఎదుటి జట్టుమీద చూపే ఔదార్యమే గుర్తుకొస్తుంది. బొగ్గుబాయిల ఊళ్లలో ఆ దయ మరో దారిన వచ్చింది. అక్కడ అది పోటీ నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధన వెనక చాలా చావులున్నాయి.

సింగరేణి కథ గోదావరిఖనిలో మొదలు కాలేదు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న అదే సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అయింది. ఇప్పటికీ ఏటా ఆ తేదీన సింగరేణి దినోత్సవం జరుపుతారు. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొనడంతో కంపెనీ సర్కారు చేతికి వచ్చింది. ఇవాళ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఇల్లెందు తర్వాత బెల్లంపల్లి, కొత్తగూడెం, ఆ తర్వాత 1960 ప్రాంతంలో, గోదావరిఖని ఉన్న రామగుండంలో తవ్వకాలు మొదలయ్యాయి. గోదావరి ఒడ్డున అడవీ పల్లెలూ ఉన్న చోట ఒకటో బాయి, రెండో బాయి అంటూ అంకెలే ఊళ్ల పేర్లయ్యాయి. యైటింక్లయిన్ కాలనీ అనే పేరులో ఉన్నది కూడా ఎనిమిదో నంబరు బాయే.

ఆ బాయిల్లోకి దిగినవాళ్లు నిన్నటిదాకా నాగలి పట్టినవాళ్లు, కల్లు గీసినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చారు. కోస్తా నుంచీ ఉత్తరాది నుంచీ వచ్చినవాళ్లూ ఉన్నారు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపే కోల్‌ఫిల్లర్, కర్ర సపోర్టులు నిలిపే టింబర్‌మన్, టబ్బులు తోసే ట్రామర్ అందరూ ఒకే చీకట్లో పని చేసేవారు. ఊళ్లో ఒకరి గడప ఒకరు తొక్కని కులాలవాళ్లు బాయిలో ఒకే సీసాలో నీళ్లు తాగారు. ఇదంతా సంస్కర్తల ప్రబోధంతో జరిగింది కాదు. పక్కవాడు నిలబెట్టిన కర్ర మీద తన తల ఆధారపడి ఉందని ప్రతి మనిషికీ రోజూ తెలిసేది.

పైకప్పును తట్టి చూడడం ఆ పనుల్లో ఒకటి. షిఫ్టులో మనుషుల భద్రత చూసే మైనింగ్ సర్దార్ చేతికర్రతో కప్పు రాయిని కొడతాడు. రాయి గట్టిగా ఉంటే ఒక రకంగా మోగుతుంది. పొర విడిపోయి లోపల ఖాళీ ఏర్పడితే డొల్లగా పలుకుతుంది. క్యాప్ ల్యాంపు వెలుగు తప్ప మరో వెలుగు లేని చోట, టబ్బులు లాగే హాలర్ యంత్రాల మోతల నడుమ, ఆ రెండు చప్పుళ్లకూ తేడా పట్టే చెవి కావాలి. ఆ చెవి ఒక్కరోజులో రాదు, పాతవాడు కొత్తవాడికి నేర్పాలి. డొల్ల చప్పుడు వినిపించిన చోటి నుంచి మనుషుల్ని వెనక్కి పంపే అధికారం సర్దారుకు ఉంది. ఉత్పత్తి లెక్క మీద కన్నేసి ఉన్న షిఫ్టులో ఆ అధికారాన్ని వాడడానికి గుండె నిబ్బరం కూడా ఉండాలి. మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉందా లేదా అని తత్వవేత్తలు వేల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఆ వాదన షిఫ్టుకోసారి సర్దార్ చేతికర్ర దగ్గర తేలాల్సి వస్తుంది.

బాయి బయట మైదానంలోనూ వీళ్లు కలిసేవారు. కంపెనీ ఆటలను చాలా ముందే పట్టించుకుంది. వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అనే సంస్థ ఆధ్వర్యంలో ఏరియాల మధ్య పోటీలు, ఆపైన కంపెనీ స్థాయి పోటీలు, అక్కడ గెలిచినవాళ్లకు కోల్ ఇండియా పోటీలు జరుగుతాయి. గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, కొత్తగూడెం ప్రకాశం స్టేడియం, బెల్లంపల్లి తిలక్ స్టేడియం ఈ ఊళ్ల జ్ఞాపకాల్లో సినిమా హాళ్లతో సమానంగా నిలిచిన చోట్లు. కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లలో మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్లూ, రెండో షిఫ్టుకు పోవాల్సినవాళ్లూ కలిసే ఉండేవారు. ఇవాళ కబడ్డీ కోర్టులో కాలు పట్టి లాగిన ప్రత్యర్థి రేపు బాయిలో పక్క జంక్షన్‌లో ఉండవచ్చు. ఆట వైరం ఆటతోనే ముగియాల్సిన అవసరం ఇక్కడ మిగతా ఊళ్లకంటే ఎక్కువ.

ఆటలో దయకు తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ఉదాహరణ ఒకటి 1980 ఫిబ్రవరిది. క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ టెస్టు బొంబాయిలో జరుగుతోంది. ఇంగ్లండ్ 58 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకుంది. బాబ్ టేలర్ వికెట్ల వెనక క్యాచ్ ఇచ్చాడని అంపైర్ హనుమంతరావు వేలెత్తాడు. బంతి బ్యాటుకు తగల్లేదని స్లిప్‌లో ఉన్న కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్‌కు అనిపించింది. అంపైర్‌తో మాట్లాడి టేలర్‌ను వెనక్కి పిలిపించాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. బోథమ్ సెంచరీ కొట్టడమే కాక ఆ మ్యాచ్‌లో 13 వికెట్లు తీశాడు. భారత్ పది వికెట్లతో ఓడింది. విశ్వనాథ్‌ను ఆ పని చేయమని ఏ నియమమూ అడగలేదు. చేయకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన దాన్ని ఎంచుకున్నాడు, దాని ధర కూడా చెల్లించాడు.

ఇంకో ఉదాహరణ గని మనుషులకు మరింత దగ్గరిది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పడవ పందేలు పూసాన్ సముద్రంలో జరిగాయి. కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ తన పందెంలో రెండో స్థానంలో దూసుకుపోతున్నాడు. గాలి ఒక్కసారిగా రేగింది. మరో పందెంలో ఉన్న సింగపూర్ పడవ బోల్తాపడి ఇద్దరు నీళ్లలో పడ్డారు. లెమ్యూ దారి మళ్లించి వాళ్లను తన పడవలోకి లాక్కున్నాడు, కాపలా పడవ వచ్చి వాళ్లను తీసుకుపోయేదాకా ఆగాడు, తర్వాత మళ్లీ పందెంలో చేరాడు. అప్పటికే ఎంతో వెనకబడిపోయాడు. తీర్పరులు ఆ పందెంలో అతనికి రెండో స్థానమే ఇచ్చారు. మొత్తం పోటీలో పతకం రాలేదు. ఒలింపిక్ కమిటీ పియర్ డి కూబర్టిన్ పతకంతో గౌరవించింది.

లెమ్యూ దగ్గర ఆట మధ్యలో ఆగి రెస్క్యూగా మారింది. యైటింక్లయిన్ కాలనీలో రెస్క్యూనే ఆటగా మార్చి సాధన చేస్తారు. ఆ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల దాకా వెళ్లాలి.

1906 మార్చి 10న కూరియేర్‌లో బొగ్గు ధూళి పేలింది. 1,099 మంది చనిపోయారు. యూరప్‌లో అంత పెద్ద గని ప్రమాదం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. అప్పుడు ఫ్రాన్స్, జర్మనీలు మొరాకో విషయంలో కత్తులు నూరుకుంటున్నాయి. పాత యుద్ధం గాయాలు కూడా మానలేదు. అలాంటి రోజుల్లో జర్మనీలోని రూర్ ప్రాంతపు గనుల నుంచి రెస్క్యూ జట్టు ఊపిరి పరికరాలతో సరిహద్దు దాటి వచ్చింది. ప్రమాదం జరిగిన ఇరవై రోజుల తర్వాత పదముగ్గురు, ఆ తర్వాత మరొకరు సజీవంగా బయటికి వచ్చారు. ఆ పదముగ్గురూ లోపల చీకట్లో దారి వెతుక్కుంటూ తమంతట తామే వచ్చారు. వెతుకులాట ముందే ఆపేశారన్న కోపంతో గని కార్మికులు సమ్మె కట్టారు. జర్మన్ జట్టు ఎంతమందిని కాపాడింది అన్న ప్రశ్నకు సంతోషకరమైన జవాబు లేదు. అయినా వాళ్లు వచ్చారన్న సంగతి పోలేదు. 1931లో జర్మన్ దర్శకుడు పాబ్స్ట్ ఆ ఘటన ఆధారంగా ‘కామెరాడ్‌షాఫ్ట్’ సినిమా తీశాడు. ఊపిరి పరికరాలూ శిక్షణ పొందిన జట్లూ ముందే సిద్ధంగా ఉండాలన్న పాఠాన్ని గని దేశాలన్నీ ఇలాంటి చావుల నుంచే నేర్చుకున్నాయి.

మన దేశం కూడా అలాగే నేర్చుకుంది. 1936 డిసెంబరులో రాణిగంజ్ బొగ్గు ప్రాంతంలోని పోయిదీ గనిలో పేలుడుకు 209 మంది బలయ్యారు. 1939లో బొగ్గు గనుల రెస్క్యూ నియమాలు వచ్చాయి. ఝరియా వైపు ధన్సార్‌లో, రాణిగంజ్ వైపు సీతారాంపూర్‌లో స్టేషన్లు వెలిశాయి. 1985లో కొత్త నియమాలు వచ్చాయి. పాత రోజుల్లో విషవాయువు జాడ పట్టడానికి బ్రిటన్ గనుల్లో కెనరీ పిట్టలను, మన గనుల్లో మునియా పిట్టలను తీసుకుపోయేవారు. మనిషికంటే ముందు పిట్ట సొమ్మసిల్లేది. 1986లో బ్రిటన్ కూడా పిట్టలను మానేసి యంత్రాలకు మారింది.

రెస్క్యూ పని ఎప్పుడో గాని రాదు. వచ్చిన రోజున తప్పు చేయడానికి వీల్లేదు. ఆ మధ్య కాలమంతా చేతులకూ మెదడుకూ పదును పోకుండా ఉంచేందుకు పోటీలు పుట్టాయి. అఖిల భారత గనుల రెస్క్యూ పోటీల్లో కోల్ ఇండియా కంపెనీలు, సింగరేణి, లోహపు గనుల సంస్థలు తలపడతాయి. ప్రథమ చికిత్స, పరికరాల పరిజ్ఞానం, పొగలో నడక, చిక్కుకున్నవాళ్లను మోసుకురావడం అన్నింటికీ విడివిడిగా మార్కులుంటాయి. 1999లో అమెరికాలోని లూయిస్‌విల్‌లో అంతర్జాతీయ పోటీలు కూడా మొదలయ్యాయి. ఇక్కడ ఒక జట్టు మరో జట్టు నుంచి నేర్చుకున్న చిట్కా రేపు ఎక్కడో ఒక ప్రాణం నిలబెట్టవచ్చు. అందుకే ఓడిన జట్టు గెలిచినవాళ్ల చుట్టూ మూగి స్ట్రెచర్ పట్టీ ఎలా కట్టారో అడగడం ఈ పోటీల్లో సహజం. దాచుకుని గెలవాలనుకునేవాడికి ఈ ఆట పనికిరాదు.

2003 సంవత్సరం గోదావరిఖనికి మరిచిపోలేనిది. జూన్ 16న జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి పదిమంది చనిపోయారు. రెండూ పదహారో తేదీనే. ఇరవై ఏడు కుటుంబాలు, చుట్టుపక్కల కాలనీలు. ఆ షిఫ్టులో పోవాల్సినవాడు నాగా పెట్టాడు, పోకూడనివాడు మరొకరి బదులు పోయాడు. ఏ గని ప్రమాదం తర్వాతైనా ఇలాంటి మాటలు వినపడతాయి. అప్పుడు మనిషికి రాత గుర్తుకు రావడంలో వింత లేదు. ‘రాసిపెట్టి ఉంది బిడ్డా, మన చేతుల్లో ఏముంది’ అని ముసలమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేస్తే, అది ఓదార్పు. ఆ మాటను ఆమె నోటి నుంచి లాక్కునే హక్కు ఎవరికీ లేదు.

అయితే అదే మాట పిట్ ఆఫీసులో వినపడకూడదు. గనిలోకి నీళ్లు రావడం దేవుడు మొదటిసారి కనిపెట్టిన ఆపద కాదు. 1975 డిసెంబరు 27న చస్నాలాలో పాత తవ్వకాల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. ‘కాలా పత్థర్’ సినిమాకు ప్రేరణ ఆ ప్రమాదమే. అంతకు చాలా ముందే, 1957 బొగ్గు గనుల నిబంధనల్లో 127వ నిబంధన ఉండేది. వదిలేసిన పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపల పనిచేయాలంటే ముందుగా అనుమతి కావాలి, ముందుకూ పక్కలకూ బోర్లు వేసి నీరుందేమో చూసుకుంటూ పోవాలి. ఆ 60 అనే అంకె ఆకాశంలోంచి ఊడిపడలేదు. మునిగి చనిపోయినవాళ్ల లెక్క చూశాక మనుషులు కూర్చుని రాసుకున్న అంకె అది. నిబంధనల పుస్తకంలో ప్రతి పేజీ, ఈ చావు తప్పించగలిగినదేనని చెబుతుంది. రాతను నమ్మేవాడికీ ఆ పుస్తకం అవసరమే.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో రాత్రంతా భారత కథలు ఆడినవాళ్లూ, చూసినవాళ్లూ ఈ బాయిల్లోకి దిగారు. వాళ్లకు కర్ణుడి రథచక్రం కొత్త సంగతి కాదు. నేలలో కూరుకున్న చక్రాన్ని ఎత్తుకునేదాకా ఆగమని కర్ణుడు ధర్మం పేరు చెప్పి అడుగుతాడు. అభిమన్యుణ్ని చుట్టుముట్టి చంపిన రోజున ఆ ధర్మం ఏమైందని కృష్ణుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. కర్ణుడి మీద శాపాలున్నాయి, చక్రం కూరుకోవడం రాసిపెట్టినదే. అయినా అర్జునుడు బాణం వదలడం రాసిపెట్టినది కాదు, అది అతని నిర్ణయం. విషాదం అక్కడుంది. గని ప్రమాదాలకూ ఈ రెండు భాగాలుంటాయి. మట్టి, నీరు, వాయువు మనిషి మాట వినవు. వాటి పక్కన ఎంతసేపు పనిచేయాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్నది మాత్రం మనుషులే తేల్చాలి.

రెస్క్యూ మనిషి నిర్ణయం ఎక్కడుంటుంది? ప్రమాదం జరిగిన రాత్రి కబురు వచ్చాక ఆలోచించుకునే తీరిక ఉండదు. పరికరం తొడుక్కోవడం, మాస్కు బిగించుకోవడం, అడుగు వేయడం అన్నీ అలవాటుగా జరిగిపోతాయి. వందలసార్లు సాధన చేసిన పనిలో స్వేచ్ఛ ఏముందని అడగవచ్చు. కానీ ఆ సాధనకు సొంతగా ముందుకొచ్చిన రోజు ఒకటుంది. ఇంట్లో చెప్పిన రోజు ఒకటుంది. అక్కర్లేదు, ఉన్న డ్యూటీ చాలు అని భార్య అంటే, ఆమెను ఒప్పించిన రాత్రి ఒకటుంది. సంకల్పం ఆ రోజుల్లోనే పని చేసింది. తర్వాత వచ్చిన అలవాటు దాన్ని కాపాడే తొడుగు.

అలవాటైన దారి లేని చోట కూడా ఒక మనిషి ముందుకు దూకిన ఉదాహరణ ఉంది. 1989 నవంబరు 13న రాణిగంజ్ మహావీర్ గనిలోకి నీళ్లు వచ్చాయి. 71 మంది లోపల చిక్కుకున్నారు, ఆరుగురు మునిగిపోయారు. కోల్ ఇండియా ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ మనిషి పట్టేంత ఉక్కు గొట్టం చేయించి, భూమికి రంధ్రం తొలిపించి, తనే అందులో కిందికి దిగాడు. ఒక్కొక్కరినీ పైకి పంపాడు. మొత్తం 65 మంది బతికి బయటపడ్డారు. పైనుంచి ఆజ్ఞలు ఇస్తూ కూర్చున్నా ఆయనను తప్పు పట్టేవారు ఉండరు. ప్రభుత్వం ఆయనకు సర్వోత్తమ జీవన్ రక్షా పతకం ఇచ్చింది. గని ప్రాంతాల్లో ఇప్పటికీ ఆయనను తలుచుకుంటారు.

సింగరేణిలో ఉద్యోగమే కొందరికి ఎంపిక కాలేదు. తండ్రి తర్వాత కొడుకు బాయికి పోవడం ఏళ్ల తరబడి ఈ కాలనీల ఆచారం. వారసత్వ ఉద్యోగాల కోసం పోరాటాలు జరిగాయి. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. తర్వాత అనారోగ్యంతో పనికి పనికిరాకుండా పోయినవారి పిల్లలకు కారుణ్య నియామకాలు వచ్చాయి. తుపానులో ఓడ మునగకుండా సరుకు సముద్రంలో పారేసినవాడి పని ఇష్టపూర్వకమా, బలవంతమా అని అరిస్టాటిల్ రెండు వేల మూడు వందల ఏళ్ల కింద అడిగాడు. రెండూ కలగలిసిందని ఆయనే జవాబిచ్చాడు. డిగ్రీ పూర్తి చేసి, మరో ఉద్యోగం దొరక్క, ఆరోగ్యం చెడిన తండ్రి స్థానంలో జనరల్ మజ్దూర్‌గా చేరే గోదావరిఖని పిల్లవాడికి ఆ జవాబు బాగా అర్థమవుతుంది. బాయికి పోవడంలో అతనికి దక్కిన స్వేచ్ఛ తక్కువ. రెస్క్యూ శిక్షణకు పేరు ఇవ్వడంలో మాత్రం మొత్తం అతనిదే. బహుశా అందుకే ఆ జట్టులో ఉన్నవాళ్లు దాన్ని గర్వంగా చెప్పుకుంటారు.

ఆడవాళ్లకు ఆ అవకాశం చాలా ఆలస్యంగా వచ్చింది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ వాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం కొన్ని షరతులతో ఆ తలుపు తెరిచింది. ఆ షరతుల్లో ఒకటి, ఆమె తన అంగీకారాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని. మగవాడి నుంచి ఎవరూ అడగని కాగితం అది. అయినా ఆ కాగితాలు రాసిచ్చి మైనింగ్ చదివిన అమ్మాయిలు సింగరేణిలో చేరారు, రెస్క్యూ శిక్షణ వైపూ వచ్చారు. ముందు నడిచేవారి వేగాన్ని తక్కువ ఆక్సిజన్ ఉన్నవారి అంకెతో కొలిచే జట్టులో కండబలం వాదన ఎంతో దూరం పోదు.

2022 మార్చి 7న సింగరేణిలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలింది. చిక్కుకున్నవాళ్లలో కొందరిని రెస్క్యూ జట్లు ప్రాణాలతో బయటికి తెచ్చాయి. ముగ్గురు దక్కలేదు. వాళ్లలో ఒకరు రక్షణ విభాగం అధికారి, ఒకరు యువ మేనేజరు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. జీతాల పట్టికలో ఎంతో దూరంగా ఉండే ముగ్గురు ఒకే శిథిలాల కింద పడ్డారు.

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర కూలినప్పుడు ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌లవాళ్లు. సైన్యం, ఎన్డీఆర్ఎఫ్, ర్యాట్ మైనర్లతో పాటు సింగరేణి రెస్క్యూ జట్లు వెళ్లాయి. దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల లోపల బురద, నీరు, విరిగిన బోరింగ్ యంత్రం. ప్రాణాలతో ఎవరూ దొరకలేదు. మార్చి 9న ఒకరి, 25న మరొకరి మృతదేహాలు బయటికి వచ్చాయి. రెండు నెలలు వెతికినా మిగతా ఆరుగురివి దక్కలేదు. బతికించే ఆశ పోయాక కూడా ఆ జట్లు బురద ఎత్తిపోయడం మానలేదు. దూరాన ఎదురుచూసే ఇళ్లకు శవమైనా చేరాలన్నది గని ఊళ్లవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ప్రశ్న రేపటి జట్లది. సింగరేణి బొగ్గులో అధికభాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. భూగర్భ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. కర్రతో తట్టి కప్పు వినే చెవి ఉన్నవాళ్లు రిటైరవుతున్నారు. ఆ ఖాళీల్లో చాలా వాటిలోకి వస్తున్నది కాంట్రాక్టు మనుషులు. వాలీబాల్ జట్టులోనూ, రెస్క్యూ జాబితాలోనూ వాళ్లకు ఎంత చోటు దొరుకుతుందన్నది కంపెనీ తేల్చాలి, యూనియన్లు అడగాలి. అడ్రియాలలో పోయిన ముగ్గురిలో ఒకరు కాంట్రాక్టు కార్మికుడని ఆ చర్చ మొదలుపెట్టేవాళ్లు ముందుగా చెప్పాలి.